నెవిల్ మేస్త్రీ ఇంటి టైమర్

ఇంగ్లండ్‌లోని ఆసెట్ ఊళ్లో ఇల్లు చల్లబడిందంటే నలభయ్యేళ్లపాటు జనం నోటికొచ్చిన పేరు ఒక్కటే, నెవిల్ ఓల్డ్‌రాయిడ్. పదహారో ఏట గ్యాస్ బోర్డులో పైపులు మోసే పనికి చేరి, ముప్పయ్యో ఏటికి సొంత వ్యాను కొనుక్కున్నాడు. ఆ చుట్టుపక్కల అతను ఇళ్లను వెచ్చబెట్టే గ్యాస్ బాయిలర్ పెట్టని వీధి లేదు. పెట్టిన ప్రతి బాయిలర్ మూత లోపలా పెన్సిలుతో తన పేరులోని ఎన్.ఓ. అన్న రెండక్షరాలూ, తేదీ రాసేవాడు. ఎవరికీ కనిపించని చోట సంతకం ఎందుకని భార్య ఏవ్రిల్ అడిగితే, "తర్వాత మూత తీసేవాడు చూస్తాడుగా. ఎవణ్ణి తిట్టుకోవాలో వాడికి తెలియాలి కదా" అనేవాడు.

మనిషి మంచి మాటకారి. చేతులు పని చేస్తున్నంతసేపూ నోరు వాటికి తోడు నడిచేది. ఎవరింటికి వెళ్లినా వంటింటి నేల మీద మోకాళ్లానించి, బాయిలర్ కడుపులో తల దూర్చి, అక్కణ్ణుంచే ఊరి సంగతులన్నీ వినిపించేవాడు. టైమర్ వాడటం నేర్పించేటప్పుడైతే ముసలమ్మల దగ్గర అతనికి ఎక్కడలేని ఓపిక వచ్చేది. "బాయిలర్‌కేం తెలీదమ్మా. గనిలో బండి లాగే గుర్రం లాంటిది అది. తోలేవాడు ఇదుగో, ఈ డబ్బాలో ఉన్నాడు. పొద్దున ఎన్నింటికి లేపాలో, ఎన్నింటికి పడుకోబెట్టాలో వీడికి చెప్పు చాలు" అంటూ, గుండ్రటి పలక చుట్టూ ఉన్న చిన్న చిన్న పుల్లలను వాళ్ల వేలితోనే జరిపించేవాడు.

సొంత ఇంట్లో మాత్రం ఏవ్రిల్ చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చేవాడు కాదు. ఏవ్రిల్ ఇరవయ్యేళ్లు బడి వంటశాలలో నాలుగొందల మంది పిల్లలకు వండి వడ్డించిన మనిషి. అలాంటిది, బల్బు మార్చడానికి కుర్చీ ఎక్కబోయినా, "దిగు దిగు, నేనున్నానుగా" అని కుర్చీ లాక్కునేవాడు. ఆమెకూ అది అలవాటైపోయింది. గోడల లోపలా, నేల కిందా ఉన్నదంతా అతనిది, పైన కనిపించేదంతా తనది అనుకుని నిశ్చింతగా ఉండేది.

పని మానేసిన మరుసటి ఏడు, 2010 ఏప్రిల్‌లో ఒక పొద్దున, రొట్టె మీద మార్మలేడ్ రాసుకుంటూ నెవిల్ కత్తి జారవిడిచాడు. వంగి తీసుకోబోయి అలాగే పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. నెలన్నర ఆస్పత్రిలో ఉంచారు. కాలు కొంత కోలుకుంది, కర్ర పట్టుకుని ఇంట్లో తిరగగలిగాడు. కుడిచెయ్యి మాత్రం రాలేదు. మాట అసలే రాలేదు.

మాట రాలేదంటే మూగవాడయ్యాడని కాదు. లోపల అన్నీ ఉన్నాయి. ఏ వస్తువు పేరేమిటో అతనికి తెలుసు, ఎదుటివాళ్లు అన్నదంతా అర్థమవుతుంది. నోరు తెరిస్తే మాత్రం ఒకే ఒక్క మాట వచ్చేది. మంగళవారం. టీ కావాలన్నా మంగళవారమే, కిటికీ వెయ్యమన్నా మంగళవారమే. తన నోటి నుంచి ఆ మాట రావడం అతనికీ వినిపించేది. వినపడగానే ముఖం ఎర్రబడి, తల అడ్డంగా ఊపి, మళ్లీ ప్రయత్నించేవాడు. మళ్లీ మంగళవారమే. మంగళవారమే ఎందుకో ఎవరికీ తెలియదు. ఏవ్రిల్ తెగ ఆలోచించింది, ఆ రోజుతో వాళ్లకు ఏ సంబంధమూ లేదు.

మాటలు నేర్పడానికి ఆస్పత్రి నుంచి షబ్నమ్ అనే అమ్మాయి వారానికొకసారి వచ్చేది. కప్పు, కుక్క, తాళంచెవి బొమ్మలున్న అట్టముక్కలు బల్ల మీద పరిచి పేర్లు పలికించేది. ఒకరోజు అంకెలు వరసగా చెప్పించి చూసింది. ఒకటి, రెండు, మూడు అంటూ పది దాకా తడబడకుండా వెళ్లిపోయాడు నెవిల్. ఏవ్రిల్ చేతిలో టీ ట్రే అలాగే ఉండిపోయింది.

"వరసగా వచ్చేవి, కోపంలో వచ్చే తిట్లు, ఇవన్నీ మెదడులో వేరే అరలో ఉంటాయండీ" అంది షబ్నమ్. "నెవిల్ గారూ, మీకు టీలో చక్కెర ఎన్ని చెంచాలు?"

నెవిల్ ఆలోచించాడు. "ఒకటి, రెండు" అని ఆగాడు.

రెండు అని నేరుగా అనలేడు. ఒకటి దగ్గర బయల్దేరి నడుచుకుంటూ అక్కడికి చేరాలి. ఎక్కడ ఆగాలో మాత్రం తెలుసు. ఆ రోజుకు అదే పెద్ద పండుగ.

ఆ ఏడు మంచు తొందరగా వచ్చింది. నవంబరు ఆఖరి వారానికే వీధిలో కార్ల చక్రాలు మునిగేంత పడింది. ఒక బుధవారం పొద్దున ఏవ్రిల్ లేచేసరికి గదుల్లో వేడినీళ్లు తిరిగే రేడియేటర్లు రాళ్లలా చల్లగా ఉన్నాయి. వంటింట్లోకి వచ్చి చూస్తే బాయిలర్‌లో ఉలుకూ పలుకూ లేదు.

నెవిల్ కర్ర పొడుచుకుంటూ వచ్చి బాయిలర్ వంక చూడనైనా చూడలేదు. పక్క గోడ మీదున్న టైమర్ దగ్గరికి వెళ్లి చెవి ఆనించాడు. లోపలి చిన్న మోటారు సన్నగా జుంయ్‌మంటూ ఉండాలి. ఆ చప్పుడు లేదు. అంతే, అతనికి తెలిసిపోయింది. గడియారం చచ్చిపోయింది. బాయిలర్ బంగారంలా ఉంది, లేపేవాడే లేడు. మామూలుగా అయితే టైమర్‌తో పని లేకుండా వెలిగించుకోవడానికి పక్కన చిన్న మీట ఉంటుంది. అది మూడేళ్ల కిందటే విరిగిపోయింది. అప్పుడే కొత్త టైమర్ కొని మెట్ల కింద అలమరలో పెట్టాడు నెవిల్. ఆదివారం చూద్దాం అనుకున్నాడు. ఊరందరి ఆదివారాలూ అయ్యాయి గానీ ఆ ఆదివారం రాలేదు.

ఇరవై నిమిషాల పని. కళ్లు మూసుకుని చేసేవాడు.

"మంగళవారం" అన్నాడు టైమర్ మీద వేలు పెట్టి.

"అవును, తెలుసు, చల్లగా ఉంది. ఫోన్ చేస్తున్నా" అంది ఏవ్రిల్.

నెవిల్‌తో కలిసి పని చేసినవాళ్లలో ఒకతను చనిపోయాడు, ఇంకొకతను స్పెయిన్‌లో స్థిరపడ్డాడు. ఇక ఆమెకు దొరికింది ప్రకటన కాగితం మీద నంబరున్న ఒక హీటింగ్ కంపెనీ. ఆ మంచులో జిల్లా అంతా బాయిలర్లు మొరాయిస్తుంటే వాళ్ల మనిషి రావడానికి నాలుగు రోజులు పట్టింది.

వచ్చినతని పేరు క్రెయిగ్. ముప్పయ్యేళ్లుంటాయి, మర్యాదస్తుడే. కాకపోతే ఆ రోజు అతనికి పదకొండు ఇళ్లున్నాయి, ఇది ఏడోది. బూట్లు దులుపుకుని లోపలికి వస్తూనే కుర్చీలో ఉన్న నెవిల్‌ను చూసి, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు గొంతు పెంచాడు.

"ఏం పెద్దాయనా, చలేస్తోందా? చిటికెలో చూసేస్తా, సరేనా?"

నెవిల్ సరేనన్నట్టు తలూపాడు. మూత తీయగానే క్రెయిగ్ చిన్నగా ఈల వేశాడు.

"ఎనభై మూడు. నాకప్పుడు మూడేళ్లు. ఎన్.ఓ. అని ఎవడో సంతకం కూడా పెట్టుకున్నాడు. ఎవడో గానీ అమ్మా, మ్యూజియంలో ఉండాల్సింది తెచ్చి మీ వంటింట్లో పెట్టి పోయాడు."

ఏవ్రిల్ ఏదో అనబోయి నెవిల్ ముఖం చూసి ఊరుకుంది. ఇతనే పెట్టాడని చెప్పడం ఇప్పుడు పొగడ్తో అవమానమో ఆమెకు తేల్లేదు.

క్రెయిగ్ మీటరు తీసి లోపల రెండుచోట్ల ఆనించి చూశాడు. కరెంటు రావడం లేదు. ఎందుకు రావడం లేదని వెనక్కి వెతుక్కుంటూ వెళ్తే గోడ మీది టైమర్ దగ్గరికి చేరేవాడు. కానీ పాతికేళ్లు దాటిన బాయిలర్ కనిపిస్తే ఏం చెప్పాలో కంపెనీ అతనికి ముందే నేర్పి పంపింది, పైగా ఇంకా నాలుగిళ్లు మిగిలాయి.

"లోపలి బోర్డు పోయిందమ్మా. ఇది తయారుచేసేవాళ్లు లేరు, విడిభాగాలు దొరకవు. దొరికినా, దీని మీద డబ్బు పెట్టడం దండగ. కొత్త బాయిలర్ పెట్టించుకోండి."

నెవిల్ కర్ర ఊతంగా లేచి నిలబడ్డాడు. ఎడమచెయ్యి చాచి టైమర్ చూపించాడు. లోపల వాక్యం మొత్తం సిద్ధంగా ఉంది. బోర్డు కాదు నాయనా, టైమర్ మోటారు పోయింది, దాన్ని వదిలేసి నేరుగా కరెంటు ఇచ్చి చూడు, అప్పుడే వెలుగుతుంది.

"మంగళవారం" అన్నాడు. "మంగళవారం. మంగళవారం."

క్రెయిగ్ ఫోనులో రోజులు చూసి జాలిగా తల ఊపాడు. "మంగళవారం కుదరదు పెద్దాయనా. క్రిస్మస్ దాకా ఒక్కరోజు ఖాళీ లేదు. జనవరి రెండో వారంలో ఏ రోజైనా సరే, మీకోసం మంగళవారమే వేయిస్తాను."

నెవిల్ కర్రతో టైమర్ పక్క గోడను కొట్టాడు. పలాస్త్రీ పెచ్చు రాలింది. "నీ యబ్బ" అన్నాడు, గంట కొట్టినంత స్పష్టంగా.

"ఏమనుకోకు బాబూ" అంది ఏవ్రిల్ నేల చూపులు చూస్తూ. "ఆయన అలా... ఒంట్లో బాగోలేదు." కొత్త బాయిలర్ కాగితం మీద సంతకం ఎక్కడ పెట్టాలో అడిగింది. పెట్టింది. నెవిల్ ఆ కలం కాగితం మీద కదలడం చూస్తూ నిలబడ్డాడు. క్రెయిగ్ వెళ్తూ వెళ్తూ అతని భుజం తట్టి, దుప్పటి బాగా కప్పుకోమని చెప్పాడు.

కొత్తది రావడానికి అయిదువారాలు ఆగాలి. ఎదురింటి డోరీన్ ఒక కరెంటు హీటర్ తెచ్చి ఇచ్చింది. దాని ముందు కూర్చుంటే కాళ్లు కాలేవి, వీపు గడ్డకట్టేది. ఏవ్రిల్ నెవిల్‌కు రెండు స్వెటర్లు, పైన కోటు, తలకు ఉన్ని టోపీ తొడిగి, ఒళ్లో వేడినీళ్ల సంచి పెట్టి కూర్చోబెట్టేది. పడిపోయిన కుడిచెయ్యి ముందు తెల్లబడి, తర్వాత నీలం తిరిగేది. దాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూ, వేక్‌ఫీల్డ్‌లో తన చెల్లెలింటికి వెళ్దామని బతిమాలేది. అతను తల అడ్డంగా ఊపేవాడు. రోజుకు పదిసార్లు టైమర్ దగ్గరికి వెళ్లి దాన్ని వేలితో పొడిచేవాడు. మెట్ల కింద అలమర దగ్గరికి వెళ్లి తలుపు కొట్టేవాడు. ఆ అలమర ముందు ఏవ్రిల్ బట్టలారేసే స్టాండు పెట్టింది, తలుపు తెరుచుకోదు. ఇది కావాలి, అది కావాలి అని మారాం చేస్తున్నాడనుకుందామె. మాటలు చెప్పించే షబ్నమ్ కూడా మంచు వల్ల రావడం మానేసింది.

"ఏం కావాలి నెవిల్? ఏం కావాలో నాకు తెలీట్లేదు" అందొక సాయంత్రం. పొద్దుట్నుంచీ ఆమెకు వెన్ను నొప్పి. "నేనేం చెయ్యాలి చెప్పు. కొత్తది వచ్చేస్తుందిగా. నువ్వు పెట్టినదాన్ని తీసేస్తున్నారని బాధా? నాకూ బాధే. కానీ ఈ చలికి మనం చచ్చిపోతే అదొచ్చి ఏడుస్తుందా?"

అతను నోరు తెరిచి మూసుకున్నాడు. ఆ మాట మళ్లీ తన చెవిన పడటం అతనికి ఇష్టం లేకపోయింది.

మరునాడు ఏవ్రిల్ పాలూ రొట్టే తేవడానికి వీధి చివరి కొట్టుకు వెళ్లింది. తలుపు పడిన చప్పుడు వినగానే నెవిల్ లేచాడు. సొరుగులోంచి స్క్రూడ్రైవర్ ఎడమచేత్తో తీశాడు. టైమర్ మూతకు కిందిభాగంలో రెండు స్క్రూలు. ఎడమచెయ్యి అతని మాట వినని చెయ్యి కాదు గానీ, నేర్చుకోని చెయ్యి. కొన స్క్రూ గాడిలో కూర్చోదు. కూర్చున్నా, తిప్పాలంటే కర్ర వదలాలి. కర్ర వదిలి గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు. స్క్రూ పావుచుట్టు తిరిగింది. అతనికి ఒళ్లంతా వేడెక్కినట్టయింది. ఇంకో పావుచుట్టు. అప్పుడు కుడికాలు కింద లేనట్టు మడత పడింది.

వంటింటి నేల మీద ఎంతసేపు పడున్నాడో తెలియదు. దెబ్బేమీ పెద్దగా తగల్లేదు, లేవడానికి మాత్రం పట్టు దొరకలేదు. నలభయ్యేళ్లు ఊరి వంటిళ్లన్నీ ఈ ఎత్తు నుంచే చూశాడు. అప్పుడు కావాలనుకున్నప్పుడు లేచేవాడు.

ఏవ్రిల్ వచ్చి చూసి, పాలసీసా అక్కడే పెట్టి, అతని పక్కన కూలబడింది. డోరీన్‌ను పిలుచుకొచ్చి ఇద్దరూ కలిసి అతన్ని కుర్చీలోకి చేర్చారు. డోరీన్ వెళ్లిపోయాక ఏవ్రిల్ నేల మీద స్క్రూడ్రైవర్ చూసింది. తిట్టడానికే నోరు తెరిచింది. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు..." అంటూ అతను పడిన చోటు నుంచి పైకి, టైమర్ వైపు చూసింది.

టైమర్ ముల్లు పదకొండుంబావు చూపిస్తోంది. గోడ గడియారం మూడు గంటలకు కాస్త ఇవతల ఉంది.

ఆమె టైమర్ దగ్గరగా వెళ్లింది. మంచుకురిసిన నాటి నుంచి రోజూ దాని ముందే టీ కాస్తోంది, ఎప్పుడూ చూడలేదు. "నెవిల్," అంది నెమ్మదిగా, "ఇది ఆగిపోయింది. బాయిలర్ కాదు. ఇదే కదూ? మొదట్నుంచీ నువ్వు చెప్తున్నది ఇదే కదూ?"

నెవిల్ తలూపాడు. ఊపుతూనే ఉన్నాడు. ముఖం ఒకవైపే ముడుచుకుని ఏడుపొచ్చింది. టోపీ కిందికి లాక్కున్నాడు.

ఏవ్రిల్ కంపెనీకి ఫోన్ చేసింది. ఇరవై నిమిషాలు పాట వినిపించాక ఒక అమ్మాయి పలికింది. మా ఇంజనీరు రాసిన దాంట్లో టైమర్ మాట లేదండి, మళ్లీ వచ్చి చూడాలంటే ఈ నెల ఇరవై తొమ్మిదో తేదీ దాకా ఎవరూ లేరండి అని చాలా మర్యాదగా చెప్పింది. ఏవ్రిల్ ఫోన్ పెట్టేసి, స్టాండు జరిపి, మెట్ల కింద అలమర తెరిచింది. నెవిల్ వేలు చూపించిన డబ్బా తీసింది. మూడేళ్ల దుమ్ము కింద కొత్త టైమర్, అట్టపెట్టె సీలు కూడా తీయలేదు.

"ఎవరూ రారు" అంది, కళ్లద్దాలు తుడుచుకుంటూ. "నువ్వు చెప్పు, నేను చేస్తా. నాలుగొందల మందికి కస్టర్డ్ కాచాను, రెండు స్క్రూలు విప్పలేనా?"

కుర్చీ గోడ దగ్గరికి లాగి అతన్ని కూర్చోబెట్టింది. స్క్రూడ్రైవర్ మూతకు ఆనించబోయిందో లేదో నెవిల్ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. వదల్లేదు. పక్క గోడమీది కరెంటు మీట ఆపమని చూపించాడు. ఆపింది. ఇంకా వదల్లేదు. మీట పక్కనున్న ఫ్యూజు కూడా పీకించి తన కోటు జేబులో వేయించుకుని అప్పుడు వదిలాడు.

పాత టైమర్ ఊడొచ్చింది. వెనక అయిదు వైర్లు. ఎర్రది, నల్లది, పసుపుది, నీలంది, ఆకుపచ్చది. వాటితోపాటు, వైర్లు దూర్చే గళ్లలో రెంటిని కలుపుతూ వేలెడు పొడవు వైరు ముక్క ఒకటి. కొత్తదాని వెనక పలక మీద వరసగా ఆరు గళ్లున్నాయి. మొదటి రెంటికీ అక్షరాలు, తర్వాతి వాటికి ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు. ఎర్రదీ నల్లదీ అక్షరాల గళ్లలోకి పోతాయి, అది వేలు చూపించి చెప్పాడు. ఆకుపచ్చది చివర విడిగా. వేలెడు ముక్క ఎత్తి పట్టుకుని, "మరి ఇదెక్కడ?" అందామె.

నెవిల్ దాన్ని లాక్కుని, "నీ యబ్బ" అని నేల మీదికి విసిరేశాడు.

ఏవ్రిల్ నవ్వింది. ఏప్రిల్ నుంచీ ఆ ఇంట్లో వినపడని చప్పుడు అది. "అక్కర్లేదన్నమాట. సరే, అక్కర్లేదను చాలు, తిట్టక్కర్లేదు."

ఇంక పసుపు, నీలం మిగిలాయి. ఒకటి ఇల్లు వెచ్చబెట్టేది, ఒకటి పై గదిలో తొట్టి నీళ్లు కాచేది. గళ్లు చిన్నవి, నెవిల్ వణికే వేలు ఏ గడిని చూపిస్తోందో ఆమెకు కనిపించలేదు.

"లెక్కపెట్టు" అంది హఠాత్తుగా. "టీలో చక్కెరలాగా. నీలం ఎన్నో గడి?"

నెవిల్ కళ్లు మూసుకున్నాడు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు."

"నాలుగు. పసుపు?"

"ఒకటి, రెండు, మూడు."

వైరు కొనలు దూర్చి, స్క్రూలు బిగించి, ఒక్కొక్కటీ లాగి చూసి, మూత వేసింది. ఫ్యూజు పెట్టింది. మీట వేసింది. కొత్త టైమర్ అద్దంలో అంకెలు వెలిగాయి. హీటింగ్ అన్న బొత్తాం నొక్కగానే బాయిలర్ లోపల టప్పుమని మంట అంటుకున్న చప్పుడైంది. నెవిల్ కుర్చీలో ముందుకు వంగాడు. ఇద్దరూ రేడియేటర్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. పదినిమిషాలు. పావుగంట. చల్లగానే ఉంది. ఏవ్రిల్ పైకి వెళ్లి వచ్చి, "పైన తొట్టి కాగుతోంది. ఇది మాత్రం రావట్లేదు" అంది.

నెవిల్‌కు అర్థం కావడానికి క్షణం పట్టలేదు. మూడు నీళ్లకు, నాలుగు ఇంటికి. ఊళ్లో వందల గోడల మీద తన చేత్తో బిగించాడు. పసుపు ఎప్పుడూ నాలుగే. ఇవాళ తిప్పి చెప్పాడు. నోరు తప్పిందా, తలే తప్పిందా అన్నది అతనికి తెలియలేదు. ఇంతకాలం మాట మాత్రమే పోయిందనుకున్నాడు. లోపలున్నది లోపల భద్రంగా ఉందని నమ్మకం పెట్టుకున్నాడు. అది కూడా కదిలిందేమోనన్న భయం అతనికి అప్పుడు మొదటిసారి కలిగింది. ఒళ్లో ఉన్న చచ్చుచేతి వంక చూస్తూ ఉండిపోయాడు.

ఏవ్రిల్ అతని ముఖం చూసింది. పెళ్లయి నలభై రెండేళ్లు.

"నేనే తప్పు విన్నాను" అంది. "నువ్వు నాలుగన్నది పసుపుకి. నేను నీలానికి పెట్టేశాను. పరధ్యానం మనిషిని."

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆమె మళ్లీ మీట ఆపి, ఫ్యూజు పీకి అడక్కుండానే అతని జేబులో వేసి, మూత తీసి రెండు వైర్లూ అటూ ఇటూ మార్చింది. ఈసారి మంట అంటుకున్న కాసేపటికి రేడియేటర్ లోపల గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడైంది. అడుగున వెచ్చబడింది. తర్వాత పైన. ఏవ్రిల్ అతని కుడిచెయ్యి ఎత్తి దాని మీద పెట్టింది. ఆ చేతికి వేడి తెలుస్తోందో లేదో ఆమె అడగలేదు.

ఎదురింటి కిటికీలోంచి చిమ్నీ పొగ చూసి డోరీన్ వచ్చి, ఏవ్రిల్ చేతిలో స్క్రూడ్రైవర్ చూసింది. "ఏమే ఏవ్రిల్, నువ్వే బాగుచేశావటే? ఈ వయసులో ఎంత ధైర్యమే నీకు" అంది.

"నేను కాదు, నెవిల్ చెప్పాడు, నేను తిప్పాను."

"అలాగేలే" అని డోరీన్ అతని వైపు తిరిగి, పసిపిల్లలతో అన్నట్టు, "మీ ఆవిడ ఎంత గట్టిదో చూశావా?" అంది. నెవిల్ తలూపాడు.

ఆమె వెళ్లాక, ఏవ్రిల్ టైమర్‌తో వచ్చిన కాగితం చదువుకుంటూ బొత్తాలు నొక్కింది. "పొద్దున ఎన్నింటికి పెట్టను?"

నెవిల్ పనికి వెళ్లిన రోజుల్లో ఆ ఇల్లు అయిదున్నరకు వెచ్చబడేది. అతను లేచి కిందికొచ్చి, బూట్ల లేసులు కట్టుకునేసరికి వంటింట్లో చలి విరిగి ఉండేది. ఇప్పుడు ఆ వేళకు లేవాల్సిన పనేమీ లేదు, ఏడు చాలు. కానీ అతని మనసుకు అయిదున్నరే కావాలనిపించింది.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు" అన్నాడు. అయిదు తర్వాత ఆరు ఉంది. మధ్యలో అరకు దారి లేదు.

"అయిదా? అంత పెందలాడేనా? సరే, నీ ఇష్టం" అంది ఏవ్రిల్, బొత్తాం నొక్కి, నొక్కినందుకు సంతోషపడిపోతూ. తల అడ్డంగా ఊపితే మళ్లీ మొదటికి వస్తుంది. అతను అవునన్నట్టు ఊపాడు. ఆ ఇంట్లో అప్పట్నుంచీ అయిదింటికే పైపులు టకటకమని వేడెక్కుతాయి. నెవిల్ ఆ చప్పుడుకు లేచి, ఏవ్రిల్ లేచేదాకా పైకప్పు చూస్తూ పడుకుంటాడు.

కొత్త బాయిలర్ అక్కర్లేదని ఏవ్రిల్ కంపెనీకి చెప్పేసింది. ఎండాకాలానికి నెవిల్ నోట ముప్పై దాకా మాటలు వచ్చి చేరాయి. కప్పు, టీ, డోరీన్, వద్దు, చాలు. ఏవ్రిల్ అని ఒకసారి వచ్చింది, ఆగస్టులో మళ్లీ వచ్చింది. టైమర్ మాత్రం రాలేదు. ఏ అట్టముక్క మీదా ఆ బొమ్మ లేదు.

అంతకుముందు మార్చి ఆఖరి ఆదివారం, ఏటా ఎండాకాలం కోసం చేసేట్టే దేశమంతా గడియారాలు ఒక గంట ముందుకు జరిపినప్పుడు, నెవిల్ ఎప్పటిలాగా అల్పాహారం కాగానే కర్ర పట్టుకుని టైమర్ దగ్గరికి వెళ్లాడు. ఏడాదికి రెండుసార్లు ఆ ఇంట్లో ఆ పని అతనిదే. అద్దంలో కొత్త వేళ అప్పటికే ఉంది. ఏవ్రిల్ పొద్దున్నే మార్చేసి పెరట్లో బట్టలారేస్తోంది. గోడ గడియారంతో పోల్చి చూశాడు. సరిగ్గానే ఉంది. కాసేపు అక్కడే నిలబడి, తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.